చప్పిడి టర్కీ

మామగారు ఇవాళ కూడా కంచం పక్కకి తోసేస్తే, రేపటినుంచి వంటిల్లు అత్తగారికే అప్పగించేస్తానని కోడలు పొద్దున్నే చెప్పేసింది. కోపంతో కాదు... విసుగుతో. ఆయనకి గుండె ఆపరేషన్ అయిన దగ్గరనుంచి మూడు నెలలుగా చప్పిడి వంట వండుతోంది. ఉప్పు తగిలితే కాళ్ళు వాస్తాయి, ఊపిరి అందదు, మళ్ళీ ఆసుపత్రే అని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఇంట్లో అందరూ విన్నారు. పాటించే పని మాత్రం ఆమె ఒక్కదానికే వచ్చింది.

మామగారు రిటైరైన హెడ్మాస్టరు. తిండి బాగుందనీ అనరు, బాలేదనీ అనరు. సగం తిని లేచిపోతారు. ఆ సగం కంచాన్ని చూసి అత్తగారు కళ్ళొత్తుకుంటారు, అదీ కోడలికి కనబడేలా. "నలభై ఏళ్ళు నా చేతి వంట తిన్న మనిషి..." అని మొదలుపెడతారు. ఆ వాక్యం ఇంతవరకూ పూర్తికాలేదు.

ఆదివారం కదా అని ఆడపడుచు కూడా వచ్చింది. కొవ్వు తక్కువని డాక్టరు ఒప్పుకున్న టర్కీ కోడికి కోడలు ముందురోజే నిమ్మరసం, వెల్లుల్లి, మిరియాలు పట్టించి ఉంచింది. పొద్దున్న దాన్ని లోతు ట్రేలో ఓవెన్‌లో పెట్టి, కింది అరలో చిలగడదుంపలు, క్యారెట్లు, ఉల్లిపాయలు కాస్త నూనె రాసి పేర్చింది. తలుపు ఎవరూ తీయొద్దని మరీ మరీ చెప్పి స్నానానికి వెళ్ళింది. వద్దన్న పని మానుకున్న చరిత్ర ఆ ఇంటికి లేదని తెలియక కాదు... ఒళ్ళంతా జిడ్డోడుతోంది మరి.

ఒంటిగంటకి అందరూ బల్ల చుట్టూ చేరారు. కోడలు ఒక ముక్క కోసి మామగారి కంచంలో వేసింది.

ఆయన నమిలారు. ఆగారు. చేతిరుమాల్లోకి ఉమ్మేసి కంచం తోసేశారు.

కోడలు కత్తి బల్ల మీద పెట్టేసింది. "రేపటినుంచి మీరే వండండి అత్తయ్యా..."

"ఇది నువ్వు వండింది కాదమ్మాయ్," అన్నారు మామగారు. మూడు నెలల్లో తిండి గురించి ఆయన మాట్లాడిన మొదటి మాట. "నీ వంట నాకు తెలుసు. ఇది సముద్రం."

భర్త నీళ్ళ గ్లాసులోకి చూశాడు. "చిటికెడే వేశాను... నాన్న మొహం చూడలేక." ఆడపడుచు తలెత్తకుండా తానూ వేశానంది, కనబడకుండా కోడి పొట్టలోపల. అత్తగారు ఏమీ ఒప్పుకోలేదు, ఏడ్చారు. అంటే ఎక్కువ భాగం ఆవిడదే.

ఇంత ప్రేమతోనే ఆయన్ని చంపుకునేలా ఉన్నారని కోడలు అనేసింది.

మామగారు కూరగాయల పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు. వాటి మీద ఎవరికీ జాలి కలగలేదు కాబట్టి అవి చప్పగానే మిగిలాయి. ఒక చిలగడదుంప, ఒక క్యారెట్టు, మళ్ళీ చిలగడదుంప... "ఆ అంచు మాడిన ఉల్లిపాయ కూడా వెయ్యమ్మా," అన్నారు. సగంలో లేవలేదు.

టర్కీ మిగతా ముగ్గురూ తిన్నారు. కోడలు దగ్గరుండి రెండోసారి కూడా వడ్డించింది. నీళ్ళ జగ్గు మాత్రం నింపలేదు.

సాయంత్రం చూస్తే ఉప్పు డబ్బా దాని చోట లేదు. అత్తగారు దాన్ని గుండెలకి అదుముకుని వంటింట్లో నిలబడి ఉన్నారు.

"నాకు అందనిచోట పెట్టమ్మా," అన్నారు. "నలభై ఏళ్ళు వేసిన చెయ్యి... చెబితే వినదు."

కోడలు స్టూలెక్కి డబ్బాని పై అరలో, వెనక్కి తోసి పెట్టింది. దిగి అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. వెళ్తూ వెళ్తూ స్టూలు కూడా తనతో తీసుకెళ్ళింది.