అరికాళ్ళు ఎరిగిన గడ్డి

"ఇంకొక్క అడుగు వెయ్యండి చిట్టెబ్బాయిగారూ" అంది డాక్టర్ పరిమళ, చేతిలో ఉన్న పెట్టె మీంచి చూపు తియ్యకుండా.

చిట్టెబ్బాయి కుడికాలు ఎత్తి తన ఇంటి ముందు లాన్ మీద మెల్లిగా ఆనించాడు. పెట్టె నుంచి సన్నటి తీగె ఒకటి వచ్చి, దాని చివర సూది గడ్డి వేళ్ళలోకి దిగి ఉంది. కాలు ఆనిందో లేదో, తెర మీద పచ్చగీత అడుక్కి పడిపోయింది. అతని పాదం చుట్టూ జానెడు మేర గడ్డిపోచలన్నీ రెండుగా మడుచుకుని నేలకి అంటుకుపోయాయి. మధ్యలో ఎర్రమట్టి కనిపించింది.

"చూశారా?" అంది పరిమళ.

"నెలల తరబడి అదే చూస్తున్నానమ్మా. మీ మొక్కలోనే లోపం. నేను పరిచిన లాన్‌లో మట్టి కనపడ్డం నా డెబ్భై రెండేళ్ళలో లేదు."

ఆ మాటలో గొప్ప ఉంది గానీ అబద్ధం లేదు. కొప్పిశెట్టి చిట్టెబ్బాయి కడియం నర్సరీల్లో నలభై ఏళ్ళు లాన్ మేస్త్రీగా చేశాడు. గెస్టుహౌసులకీ కాలేజీలకీ గడ్డి పరిచాడు. చదువు రెండో తరగతితో సరి. అక్షరాలు ఒక్కొక్కటిగా కూడబలుక్కుంటాడు, అదీ ఎవరూ చూడనప్పుడు. కానీ లాన్ మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే చాలు, కింద తడి ఎంత లోతులో ఉందో, మట్టి ఎక్కడ గట్టిపడిందో చెప్పగలడు. అందుకే నీళ్ళు పెట్టినా, ఎరువు చల్లినా, మిషన్‌తో కోసినా ఒట్టి కాళ్ళతోనే.

కథ జరిగేనాటికి గోదావరి ఒడ్డు ఊళ్ళలో వేసవి యాభై డిగ్రీలు దాటింది. ఇళ్ళముందు నేల చల్లగా ఉంటే వీధి చల్లగా ఉంటుందని, తూర్పులంక కాలనీలో ఒక కట్టుబాటు పెట్టారు. బతికున్న ఒత్తైన పచ్చిక ఉన్న ఇంటికే తోట నీళ్ళు. ఏడాదికోసారి చల్లదనం ఆఫీసు నుంచి మనిషి వచ్చి చూస్తాడు. పచ్చిక పల్చబడితే తోట కుళాయికి సీలు వేసి, ఆ జాగాలో తెల్ల పలకలు పరిపించేస్తాడు. అప్పీలు లేదు.

ఆ పరిస్థితుల్లో పుట్టింది డాక్టర్ పరిమళ గడ్డి. మామూలు గరికలోకి అత్తిపత్తి గుణం ఎక్కించింది. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి లాగే ఈ గడ్డి కూడా ఎండ మండినప్పుడూ అపాయం వచ్చినప్పుడూ ముడుచుకుని తడిని వేళ్ళలో దాచుకుంటుంది. అపాయం లేదని తెలిస్తే విప్పుకుని పిలకలు వేస్తుంది. మూడోవంతు నీళ్ళు చాలు. అయితే ఏది అపాయమో దానికి తెలియాలి కదా. అందుకని ఆమె దానికి జ్ఞాపకం పెట్టింది. మనిషి అరికాలి చెమటలో ఉప్పు పాళ్ళు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. ఆ తేడాని వేళ్ళు పసిగట్టి గుర్తుంచుకుంటాయి.

చిట్టెబ్బాయి కిందటి ఏడు పాత గడ్డి తీసేసి ఇది వేశాడు. మూడు నెలలు బాగానే ఉంది. తర్వాత ఎక్కడ తిరిగితే అక్కడ పల్చబడటం మొదలెట్టింది. పశువుల ఎరువు జల్లించి పోశాడు. ఇసుక కలిపాడు. గునపంతో బెత్తెడు బెత్తెడుకీ పొడిచి వేళ్ళకి గాలి ఆడేలా చేశాడు. బ్లేడు పదును తగ్గిందేమోనని రెండుసార్లు సాన పట్టించాడు. చేసినకొద్దీ చెడింది. తుంగ ఒక్క మొక్కైనా లేదు, పురుగు లేదు, తెగులు లేదు. తిట్టుకోవడానికి కూడా ఏదీ దొరక్క అతనికి అన్నం సయించడం మానేసింది.

"రత్నం! డాక్టరమ్మకి మజ్జిగ ఇచ్చావా?" అని భార్య మీద అరిచాడు.

"ఆవిడ చేతిలో ఉన్న గ్లాసు ఏంటనుకున్నారు?" అంది నాగరత్నం, వసారాలోంచి.

పరిమళ గ్లాసు గట్టు మీద పెట్టింది. "ఒక్క సంగతి అడుగుతాను. ఈ గడ్డి మీరు దేంతో కోస్తారు?"

"మిషన్‌తో. వారానికోసారి, పైన మూడోవంతే. అంతకు మించి కోస్తే గడ్డి బెంగపడిపోద్ది. కొయ్యకపోతే పిలకెయ్యదు."

"కరెక్టే. కాళ్ళకి?"

"కాళ్ళకేంటి? లాన్ మీద చెప్పులేసుకుని తిరిగేవాడు మేస్త్రీ ఎలా అవుతాడు?"

పరిమళ అతని అరికాళ్ళ కేసి చూసింది. "కోసిన గడ్డి వాసన మనకి బాగుంటుంది చిట్టెబ్బాయిగారూ. గడ్డికి మాత్రం అది కేక. దెబ్బ తగిలిందని పక్క మొక్కలకి చెప్పే కేక. ఆ కేక పుట్టిన ప్రతిసారీ మీ అరికాలే దాని మీద ఉంది. అందుకే మొదటి మూడు వారాలు ఇంట్లోవాళ్ళు ఊరికే దాని మీద కూర్చోవాలనీ, కోసేవాళ్ళు తప్పకుండా బూట్లు వేసుకోవాలనీ కాగితంలో రాశాం. చదవలేదా?"

కాగితం బీరువాలో బట్టల కింద ఉంది. గడ్డి తెచ్చిన రోజు కౌంటరులో అమ్మాయి, "చదివి వినిపించనా తాతగారూ?" అంటే, "నాకు నువ్వు చెబుతావా గడ్డి సంగతి?" అని లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

"చదివాను" అన్నాడు చిట్టెబ్బాయి.

నాగరత్నం వసారాలోంచి అతని మొహం కేసి చూసింది.

"అయితే ఇప్పుడు బూట్లేసుకుంటే సరిపోద్దా?"

"బూట్లేసుకుంటే మీరెవరో దానికి తెలీదు. ఇంక పాడవదు. కానీ మిమ్మల్ని మాత్రం మర్చిపోదు. వేరు బతికున్నన్నాళ్ళూ మీరంటే దానికి కత్తే."

ఎవడేమన్నాడో, ఏ పెళ్ళిలో ఎవడు పలకరించలేదో, తేదీలతో సహా మనసులో పెట్టుకునే మనిషి చిట్టెబ్బాయి. ఇంకో ప్రాణికి కూడా అలాంటి బుద్ధి ఉండవచ్చని అతనికి ఎప్పుడూ తట్టలేదు.

"మరి అదేంటి?" అంది పరిమళ, ప్రహరీ గోడ పక్కకి చూపిస్తూ.

అక్కడ మంచం పట్టేంత మేర గడ్డి దుప్పటి మడత పెట్టినట్టు ఒత్తుగా ఉంది. వేలు గుచ్చినా నేల తగలదు. ఆమె అక్కడ సూది దించింది. "ఇక్కడ ఎవరో రోజూ ఉంటున్నారు. దీనికి బాగా కావలసినవాళ్ళు."

చిట్టెబ్బాయి భార్య వైపు తిరిగాడు. ఆమె కొంగు సర్దుకుంటోంది.

"రత్నం."

"మా అన్నయ్యండీ" అంది ఆమె గబగబా. "మధ్యాహ్నం మీరు పడుకున్నాక వచ్చి కాసేపు నడుం వాలుస్తాడు. ఆ ప్లాస్టిక్ గడ్డి కాలిపోతోందట, పడుకుంటే వీపు బొబ్బలెక్కుతోందట. గేటు నేనే తీశాను."

పక్కింట్లో ఉండేది జోగారావు, నాగరత్నానికి అన్న, చిట్టెబ్బాయికి బావ. ఇంటిముందు ప్లాస్టిక్ పచ్చిక పరిపించి, నెలకోసారి చీపురుతో తుడిపిస్తాడు. ఎనిమిదేళ్ళ కిందట చిట్టెబ్బాయి గృహప్రవేశంలో, బంతి భోజనాల మధ్య, "మా బావ నలభై ఏళ్ళు గడ్డి పీకి కట్టిన ఇల్లు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజునుంచి చిట్టెబ్బాయి అతనితో మాట్లాడలేదు. చెప్పాల్సింది ఏదన్నా ఉంటే గోడ దగ్గర నిలబడి భార్యతో చెబుతాడు. అవతలివైపు జోగారావు విని, జవాబు కూడా ఆమెకే చెబుతాడు.

"రత్నం! మీ అన్నయ్యని అడుగు. మనుషులు నిద్రపోయేటప్పుడు ఇళ్ళలోకి వచ్చే అలవాటు ఎప్పణ్ణించి?"

గోడ మీద జోగారావు తల లేచింది. "రత్నం! గడ్డి మీద పడుకున్నాను గానీ పీకలేదని చెప్పమ్మా మీ ఆయనకి."

పరిమళకి ఈ గొడవ అక్కర్లేదు. జోగారావుని పిలిచి, చెప్పులు విప్పించి, లాన్ మధ్యలో నిలబెట్టింది. పచ్చగీత పైకి లేచింది. చిట్టెబ్బాయి అడుగులకి ముడుచుకున్న పోచలు ఒక్కొక్కటే విడివడి, జోగారావు కాలివేళ్ళ సందుల్లోకి పాకాయి. ఒక్క నిమిషంలో మట్టి మాయమైంది.

చిట్టెబ్బాయి వసారాలోకి వెళ్ళి కూర్చున్నాడు.

చల్లదనం ఆఫీసరు వచ్చేది మూడు రోజుల తర్వాత. ఈ రకం గడ్డి వేసిన ఇంట్లో, దాన్ని పెంచే మనిషి ఒట్టి కాళ్ళతో నిలబడాలి, రెండు నిమిషాల్లో పచ్చిక విప్పుకోవాలి. అద్దెకి తెచ్చి పరిచిన గడ్డిని పట్టుకోవడానికి పెట్టిన పరీక్ష అది. చిట్టెబ్బాయి నిలబడితే ఏమవుతుందో ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు. భార్యని నిలబెట్టి చూశాడు. గడ్డి కదల్లేదు.

"దానికి నేనెవరో తెలిస్తే గదా" అంది నాగరత్నం. "నలిగిపోద్దని ఒక్కరోజైనా నన్ను కూర్చోనిచ్చారా దాని మీద?"

రెండు రోజులు గడిచాయి. పరీక్షకి ముందురోజు పొద్దున అతను గోడ దగ్గరికి వెళ్ళాడు.

"రత్నం! మీ అన్నయ్యని ఓ మాట అడగాలి."

"నేనడగను" అంది ఆమె, బియ్యం ఏరుతూ. "గోడ అక్కడే ఉంది. నోరు మీకుంది."

గోడకవతల కుర్చీ కిర్రుమంది. వింటున్నాడన్నమాట. చిట్టెబ్బాయి గొంతు సవరించుకున్నాడు. రెండోసారి సవరించుకున్నాడు.

"బావగారూ" అన్నాడు చివరికి.

కుర్చీ మళ్ళీ కిర్రుమంది. "ఎవరో పిలిచినట్టుందేంటి రత్నం?" అని వినబడింది.

"బావగారూ! రేపు పదింటికి ఖాళీయేనా?"

"గడ్డి పీకడం నాకు చేతకాదు బావా. నిలబడమంటే నిలబడతాను."

చిట్టెబ్బాయి దాన్ని కూడా మనసులో రాసుకుని, "పదింటికి" అని లోపలికి పోయాడు.

మర్నాడు ఆఫీసరు వచ్చేసరికి కాలనీలో పదిమంది గేటు దగ్గర మూగారు. జోగారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పంచె పైకి కట్టి, లాన్ మధ్యలో నిలబడ్డాడు. చిట్టెబ్బాయి వసారా మెట్టు మీద ఉన్నాడు. గడ్డి విప్పుకుంది. ఆఫీసరు సూది గుచ్చి చూసుకుని, "చాలా బాగుందండీ, ఈ వీధిలో ఇంత ఒత్తు ఎక్కడా లేదు" అని కాగితం, కలం తీశాడు. "నీళ్ళు ఎన్నాళ్ళకోసారి పెడతారు?"

"రోజూ పెడతానండి. పొద్దునా సాయంత్రం, పైపైన" అన్నాడు జోగారావు.

చిట్టెబ్బాయి పళ్ళు పటపటా కొరికాడు. పైపైన తడిపితే వేళ్ళు పైనే ఉండిపోతాయి. నాలుగు రోజులకోసారి జానెడు లోతు దిగేలా పెట్టాలి. చంటిపిల్లాడికైనా తెలుసు.

ఆఫీసరు కనుబొమలు ముడిచాడు. "ఎంత ఎత్తున కోస్తారు?"

జోగారావు గడ్డి కేసి చూశాడు. తన వేళ్ళ సందుల్లోకి పాకుతున్న పోచల్ని చూశాడు. అతని మొహంలో వెటకారం పోయింది. రోజూ నడుం వాల్చే పరుపు ఎవరు కుట్టారో మొదటిసారి ఆలోచించినట్టున్నాడు.

"చూడండి సార్" అన్నాడు, గేటు దగ్గర వాళ్ళందరికీ వినబడేలా. "నాకేం తెలీదు. నేను ఊరికే పడుకునేవాణ్ణి. ఈ గడ్డిలో ప్రతి పోచా మా బావ పెంచిందే. ఆయనంత పనివాడు ఈ జిల్లాలో లేడు."

గేటు దగ్గర ఎవరూ నవ్వలేదు. ఎనిమిదేళ్ళుగా చిట్టెబ్బాయి పడుకునేముందు ఊహించుకున్న మాట అది. అక్షరం తేడా లేదు. అదే మనిషి నోటినుంచి, పదిమంది ముందు.

ఆఫీసరు కలం ఆపాడు. "అలాగైతే వారు వచ్చి నిలబడాలి. పెంచినవారి కాలికిందే చూడాలి మేము." చిట్టెబ్బాయి వైపు తిరిగాడు. "మీరేనా పెంచింది?"

ఇటు లాన్. అటు ఆఫీసరు బండిలో దొంతరగా తెల్ల పలకలు.

"మా బావగారికి మొహమాటం ఎక్కువండి" అన్నాడు చిట్టెబ్బాయి. "పెంచింది ఆయనే."

"మరి మీరు?"

"నాకు గడ్డి సంగతి ఏం తెలుసండి."

"ఖాయమేనా?"

"ఆయ్. ఆయనే పెంచాడు."

ఆఫీసరు రాసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆఫీసు మనుషులు వచ్చి ఆకుపచ్చ రేకు బిళ్ళ గేటుకి కొట్టారు. దాని మీది అక్షరాల్ని చిట్టెబ్బాయి వీధి ఖాళీ అయ్యాక ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. పచ్చిక పెంచువారు: జోగారావు.

ఆ ఆదివారం పరిమళ పంపిన రబ్బరు బూట్లు తొడుక్కుని, మిషన్ తోసుకుంటూ లాన్‌లోకి దిగాడు. గడ్డి ముడుచుకోలేదు. ఎవరో వచ్చారనుకుంది.

"కాస్త పొట్టిగా కొయ్యి బావా" అన్నాడు జోగారావు గోడ మీంచి. "పెంచేవాణ్ణి చెబుతున్నాను."

"మూడోవంతు మించి కొయ్యకూడదు. తెలీకపోతే నోరు మూసుకోండి బావగారూ" అన్నాడు చిట్టెబ్బాయి. జోగారావు పగలబడి నవ్వాడు. గుమ్మంలో నిలబడ్డ నాగరత్నం కూడా నవ్వింది. వాళ్ళిద్దరూ ఆమె సాయం లేకుండా ఇలా వేళాకోళంగా మాట్లాడుకుని ఎనిమిదేళ్ళైంది.

ఇదివరకు కోసేటప్పుడు చిట్టెబ్బాయి గడ్డితో ఏదో ఒకటి అంటూ ఉండేవాడు. ఈ మూల పల్చబడ్డావేంటే, నీళ్ళు చాల్లేదా, తల వంచు, అయిపోవచ్చింది, అని. ఆ రోజు బ్లేడు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ తర్వాత కూడా అంతే. ప్రతి ఆదివారం వచ్చి, పైన మూడోవంతు, వెంట్రుకవాసి తేడా లేకుండా కోసి వెళ్ళిపోతాడు. గడ్డితో మాత్రం మాట్లాడడు.