పడవ కదలని అధ్యాయం

పడవ మళ్ళీ మునిగింది.

వికారాబాద్‌లోని ల్యాబ్‌లో రక్తపు నమూనాల మధ్య నిలబడి ఆ మెసేజ్ చదివిన నిరోషా ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టేసింది. మనసు ఊరుకోక మళ్ళీ తీసి కాల్ చేసింది.

“బస్వరాజ్, నీకేమన్న సమజైతదా? మొన్న పడవకు చిల్లు. నిన్న మొసలి. ఇయ్యాల తుఫానా?”

“నదిల తుఫాన్ రావద్దా?” తాండూరు నుంచి అమాయకంగా వచ్చింది జవాబు. వెనక నాపరాళ్ళు కోసే మిషన్ రొద.

“గాలి కూడా లేదని నేను రాసిన గద!”

“లేకుంటనే వస్తది. మొన్న మా షెడ్డు రేకులు లేచిపోయినయ్ తెలుసా?”

ఏడాది కిందట ఆన్‌లైన్‌లో ఆరుగురు కలిసి మొదలుపెట్టిన కథ అది. తలా ఒక పాత్ర తీసుకుని, వంతులవారీగా రాసేవారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే జారుకోగా వీళ్ళిద్దరు మిగిలారు. ఆమె రాజ్యం పోగొట్టుకున్న రాణి నీలవేణి. అతను పడవ నడిపే గంగడు.

నిరోషా ప్రతి అధ్యాయానికీ ముందే ప్లాన్ వేసి పంపేది. బస్వరాజ్ దానికి ‘సూపర్’ అని పెట్టి, తన వంతు రాగానే తోచింది రాసేవాడు. శత్రువు దగ్గరికి దూతను పంపమంటే ఏనుగును పంపాడు. ఆమె ఓపిగ్గా కట్టిన కోటను ఒక్క వాక్యంలో తగలబెట్టి, “ఇప్పుడు మజా వస్తది చూడు” అన్నాడు. నిజంగానే వచ్చింది. ఆమెను ఎక్కువగా విసిగించింది అదే.

చివరి అధ్యాయాన్ని ఆమె శ్రద్ధగా ఆలోచించింది. రాణి ఒడ్డున దిగుతుంది. గంగడు పడవ తిప్పుకుని వెళ్ళిపోతాడు. అంతే. కానీ ఎవరి పాత్రను వాళ్ళే కదిలించాలన్నది ఆ ఆట నియమం. గంగడు వెళ్ళిపోయాడని బస్వరాజే రాయాలి. ఆ ఒక్క వాక్యం తప్ప అన్నీ రాస్తున్నాడు.

“ఆదివారం లోపల కథ అయిపోవాలె,” అంది.

“ఆదివారం ఏమున్నది?”

“నన్ను చూసుకోనికి మర్పల్లి నుంచి వస్తున్నరు. కుదిరితే మళ్ళ గీ రాసుడు ఉంటదో, ఉండదో. మంచిగ ముగిద్దామని.”

అటువైపు మిషన్ ఆపిన చప్పుడైంది.

“గట్లనా. సరే మరి,” అని పెట్టేశాడు.

సరే మరి! పగలంతా ఆ రెండు మాటలు ఆమెను ముల్లులా గుచ్చాయి. సాయంత్రం మెసేజ్ మోగగానే గంగడు వెళ్ళిపోయాడేమోనని గబగబా తెరిచింది.

వెళ్ళలేదు. తుఫానులోంచి ఈదుకుంటూ ఒడ్డెక్కి, తన ఊళ్ళో కందిపప్పు చాలా రుచిగా ఉంటుందని రాణికి చెప్పాడు.

నిరోషా తల పట్టుకుంది. మరునాడు సెలవు పెట్టి, వస్తున్నానని ఒక్క ముక్క పంపి, తాండూరు రైలెక్కింది. వాళ్ళు అప్పటిదాకా ఒకరినొకరు ఫోటోల్లోనే చూసుకున్నారు. అనవలసిన మాటలన్నీ దారి పొడవునా వరుసగా పేర్చుకుంది.

ప్లాట్‌ఫాం మీద చినుకులు పడుతున్నాయి. బస్వరాజ్ చొక్కా నిండా రాతి పొడి. చేతిలో మూసిన గొడుగు. నిలువునా తడుస్తున్నాడు.

“గొడుగు ఎందుకు తెచ్చినవ్?” పేర్చుకున్న మాటల్లో ఇది లేదు.

“నువ్వు తడుస్తవని.”

“మరి తెరువు!”

తెరిచాడు. ఒక పుల్ల విరిగి ఉంది.

“కథ ఎందుకు ముగిస్తలేవు?”

“ముగిస్తే నువ్వు ఏ ముచ్చట మీద ఫోన్ చేస్తవ్?”

“గా మాట సీదా చెప్పరాదా? ఏనుగులు, మొసళ్ళు, కందిపప్పు!”

“కథల తప్పు రాస్తే ఇంకో తుఫాన్ తెస్త,” అన్నాడు మెల్లగా. “నీకు చెప్పినంక తప్పైతే ఏం తెస్త?”

ఆమె కోపం ఒక అడుగు వెనక్కి వేసింది. పూర్తిగా పోలేదు.

“ఆదివారం సంగతి చెప్పినప్పుడు నువ్వు ఏమన్న అంటవని చూసిన. సరే మరి అన్నవ్! నీ మాట కూడా నేనే చెప్పాల్నా?”

“వద్దు, నేనే చెప్త. మర్పల్లి సంబంధం వద్దు. నన్ను చేసుకో.”

“అంతేనా?”

“అంతే. తర్వాత ఏంది అంటే నాకు తెల్వదు.”

వాన పుల్ల విరిగిన వైపు నుంచి ఆమె భుజం మీద పడుతోంది. ఆమె జరగలేదు. ఫోన్ తీసి తల్లికి కలిపింది.

“అమ్మా, ఆదివారం వాళ్ళను రావద్దను.”

“ఎందుకే?” అంది కాశమ్మ.

“నాకు వేరే అబ్బాయి నచ్చిండు.”

“రోజూ తిడుతుంటవు, గా తాండూరు పిలగాడేనా?”

“ఆ.”

“నాకు డౌటే ఉండె. ఫోన్ ఇయ్యి వానికి.”

బస్వరాజ్ రెండు చేతులతో ఫోన్ అందుకున్నాడు. “నమస్తే అత్తమ్మా!”

నిరోషా కళ్ళు మూసుకుంది.

“ఓ పిలగా,” అంది కాశమ్మ. “ఆదివారానికని గారెలకు మినప్పప్పు తెప్పించిన. ఎవరో ఒకరు తినాలె గద. మీ అమ్మానాయనను తోల్కరా. అప్పటిదాంక అత్తమ్మ అనుడు బంద్ పెట్టు.”

“సరే అత్తమ్మా,” అన్నాడు బస్వరాజ్.