మొక్కు ముందా, పిల్ల ముందా

"అడివిలకు నడిచిపోవాలె, సామానంత వీపు మీదేసుకోవాలె, రాత్రికి ఆడనే పండాలె, తెల్లారి మళ్ల నడిచి రావాలె. గిదేనా నీ ప్లాను?" అంది స్వరూప.

"దీన్ని ట్రెక్కింగ్ అంటరు," అన్నాడు లింగం గంభీరంగా.

"మా బాపమ్మ దీన్ని గొడ్లు కాసుడు అంటది. చిన్నప్పుడు రోజూ చేసిందట."

కర్దనూర్ యువజన సంఘం గదిలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. లింగం చెవులు ఎర్రబడ్డాయి. ఆగస్టు పదిహేనుకు మైకు పట్టుకుంటే వదలని మనిషి, స్వరూప ముందు మాత్రం నాలుక మడతపడిపోతుంది. ఇద్దరూ పాశమైలారంలోనే పని చేస్తారు. అతను ఒక మందుల కంపెనీలో ఆపరేటర్, ఆమె పక్క కంపెనీలో ప్యాకింగ్. వెళ్లేదీ వచ్చేదీ ఒకటే బస్సు. ఏడాదిగా ఆ బస్సులో అతను ఆమెతో మాట్లాడిన మాటలన్నీ కూడితే "జెర జరుగు", "టికెట్ తీస్కున్నవా" అంతే.

అసలు ఈ అడవి ఆలోచన ఎందుకు పుట్టిందో సంఘంలో ఎవరికీ తెలియదు. సదాశివపేట నుంచి స్వరూపను చూడటానికి పిల్లగాడి తరఫువాళ్లు వచ్చే వారం ఆదివారం వస్తున్నారని బస్సులో ఎవరో అంటుంటే లింగం చెవిన పడింది. ఈలోపల నోరు తెరవాలి. పదిమంది చెమటల మధ్య, కడ్డీకి వేలాడుతూ చెప్పే మాటా అది? చెట్లుండాలి, చినుకులుండాలి, పక్కన నడుస్తూ చెప్పాలి. అందుకని కంపెనీలో తోటి ఆపరేటర్ వీర్రాజును బతిమాలి షిఫ్టు మార్చుకుని, ఈ శనివారానికే నర్సాపూర్ అడవి ప్రయాణం పెట్టాడు.

"సరె, నేనూ వస్త," అంది స్వరూప. "కాని మా ఇంట్ల నువ్వే అడుగు. మీ పిల్లను అడివిల పండనీకి పంపుండ్రి అని అడుగు. నేను తలుపు చాటుకు నిలబడి సూస్త."

ఆ సాయంత్రమే వెళ్లాడు. వాకిట్లో స్వరూప నాయనమ్మ నర్సింహమ్మ కాళ్లు బారజాపి చింతపండులో గింజలు తీస్తోంది. ఆ ఇంట్లో ఆమె మాట దాటి గడ్డిపోచ కూడా కదలదు. ఆమెను చూడగానే లింగానికి ట్రెక్కింగ్ అన్న మాట గొంతులోనే ఆవిరైపోయింది.

"అవ్వా, సంఘం పిల్లలమందరం అడివిల మైసమ్మ కాడికి నడిచి పోతున్నం. మొక్కు తీర్చేదుంది," అనేశాడు.

ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆ మాట. నర్సింహమ్మ చేతిలో చింతపండు పక్కన పెట్టింది.

"మొక్కంటె పోవాలె మరి. ఎవలి మొక్కు? ఏమని మొక్కిన్రు?"

లింగం దిక్కులు చూశాడు. తలుపు చాటు నుంచి స్వరూప మంచినీళ్ల చెంబుతో నింపాదిగా బయటికి వచ్చింది.

"లింగందే బాపమ్మా. పెండ్లి కావాల్నని మొక్కిండట."

లింగానికి నీళ్లు తాగకుండానే పొలమారింది.

"ఔనా బిడ్డా?"

కాదంటే ప్రయాణం గోవిందా. "ఔ అవ్వా," అన్నాడు నీరసంగా.

"మంచిగైంది. ఉత్తకాళ్లతోటి నడువాలె మరి. పుంజును నువ్వే మోయాలె, దారిల ఎవ్వలకు ఇయ్యొద్దు. నేను గూడ వస్త."

"నువ్వెందుకవ్వా, అంత దూరం..."

"మైసమ్మ కాడికి నేను పోక ఎన్నేండ్లాయె," అని ఆమె మళ్లీ చింతపండు అందుకుంది. మాట అయిపోయిందని దాని అర్థం.

స్వరూప తండ్రి పెంటయ్య పొలం నుంచి వచ్చి సంగతి విన్నాడు. "మా అమ్మ ఉంటె ఇగ నాకేం ఫికర్," అన్నాడు. నర్సింహమ్మ పోతోందంటే మిగతా ఆడపిల్లల ఇళ్లలోనూ తలలూగాయి. లింగం తలచింది ఒకటి, అయ్యింది ఇంకొకటి. ఏకాంతం కోసం అడవికి పోదామనుకుంటే ముసలమ్మ కాపలాకు బయలుదేరింది.

ఆ తర్వాత ఏర్పాట్లన్నీ స్వరూప చేతిలోకి వెళ్లిపోయాయి. బియ్యం ఎవరు మోయాలి, గిన్నెలు ఎవరు, తాడు ఎవరు, అన్నీ ఆమే పంచింది. దర్జీ ఐలన్న పాత తాడిపత్రి పట్టా కత్తిరించి అందరికీ వీపు సంచులు కుట్టాడు. లింగం సంచికి మాత్రం పైన గుండ్రంగా ఒక కంత పెట్టాడు.

"గిదేంది ఐలన్నా?"

"పుంజుకు గాలాడాలె గదా. స్వరూప చెప్పింది."

శనివారం మొదటి షిఫ్టు దిగి, గుమ్మడిదల దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి నడక మొదలుపెట్టారు. అందరికంటే ముందు నర్సింహమ్మ, కొంగు నడుముకు చుట్టి, కుర్రవాళ్లు సిగ్గుపడేలా. అందరికంటే వెనక లింగం, ఉత్తకాళ్లతో, ముల్లు గుచ్చుకున్నప్పుడల్లా ఎగురుతూ. అతని తల పక్కన ఇంకో తల, ఎర్ర జుట్టుతో.

చినుకులు పడ్డాయి. సరిగ్గా లింగం కోరుకున్నట్టే సన్నగా, చెట్ల మీద చప్పుడు చేస్తూ. అతను అడుగు పెంచి స్వరూప పక్కకు చేరాడు. ఆమె పెద్ద పాలిథిన్ కవరు నెత్తిన కప్పుకుని నడుస్తోంది.

"స్వరూపా, నీకొక ముచ్చట చెప్పాలె."

"చెప్పు."

"అదేందంటె..."

"పుంజు నీ కాలరు పీకుతున్నది."

"పీకనీ. నేనేమంటున్ననంటె..."

"పాపం తడుస్తున్నది లింగం," అని ఆమె కవరు అంచు తెచ్చి పుంజు మీద కప్పింది. పుంజు మీద మాత్రమే. లింగం జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"లింగా, ఎనకబడ్డవేంది? జల్దీ రా," అని ముందు నుంచి నర్సింహమ్మ కేక. చెప్పాల్సిన మాట మళ్లీ కడుపులోకి పోయింది. అడవి దారి అయిపోవచ్చింది, సదాశివపేటవాళ్లొచ్చే ఆదివారం దగ్గరికి వస్తోంది, లింగానికి నిజంగానే ఏడుపొచ్చినంత పనయింది.

పొద్దు వాలకముందే మైసమ్మ రాయి దగ్గరికి చేరారు. నర్సింహమ్మ రాయి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించి, లింగం వైపు తిరిగింది.

"ఇగ పుంజును దింపు. పిల్ల పేరు చెప్పు."

"ఏం పిల్ల అవ్వా?"

"ఏం పిల్లేంది? మొక్కు తీర్చేదుందంటివి గదా. కోరిక తీరినంకనే పుంజు. తీరకముందు ముడుపు గడుతరు గని కోడిని తెస్తరా ఎవలన్న? పుంజు వచ్చిందంటె నీకు పెండ్లి కుదిరినట్టే. ఎవలతోని కుదిరింది?"

సంఘం మొత్తం లింగం చుట్టూ చేరింది. ముడుపు ముందు, మొక్కు తీర్చడం తర్వాత. ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఆ రోజు కంగారులో వెనకది ముందు చెప్పేశాడు.

"పేరు చెప్పు. లేకుంటె అబద్ధమాడిన తల్లీ అని లెంపలేస్కో," అంది నర్సింహమ్మ.

లెంపలేసుకోవడం సులభం. రెండు దెబ్బలతో పోతుంది. ఆ తర్వాత సదాశివపేటవాళ్లు వస్తారు, చూస్తారు, నచ్చకపోవడానికి స్వరూపలో ఏముంది? లింగం ఆమె వైపు చూశాడు. ఆమె జడ పిండుకుంటూ, ఎప్పుడూ చూడనట్టు మబ్బును చూస్తోంది.

"మీ స్వరూప, అవ్వా," అన్నాడు. "కుదరలే. అసలు అడుగనేలే. ఏడాది సంది బస్సుల పక్కన నిలబడుడే అయితున్నది గని నోరు లేస్తలేదు. నాకు ఆమె అంటె పానం."

ఎవరూ నవ్వలేదు. నర్సింహమ్మ అతన్ని వదిలి మనవరాలి వైపు తిరిగింది.

"ఏమే, నువ్వేమంటవ్?"

"ముడుపు గట్టేదుంది అనబోయి మొక్కు తీర్చేదుంది అన్నడని నాకు ఆనాడే సమజైంది బాపమ్మా. కావాల్ననే సరిజెయ్యలే. పెండ్లి మొక్కు అని నేనే కలిపిన. నీ ముంగట, మైసమ్మ ముంగట అయితెనన్న నోరు తెరుస్తడేమో అని."

లింగం నోరు వెళ్లబెట్టాడు. "అంటె నన్ను గింత దూరం ఉత్తకాళ్లతోటి..."

"బస్సులనే చెప్తె చెప్పులేసుకోనే వస్తుంటివి."

అప్పుడు నవ్వారు అందరూ. నర్సింహమ్మ కూడా బోసినోటితో నవ్వి, కుంకుమ తీసి మొదట మనవరాలి నుదుట, తర్వాత లింగం నుదుట పెట్టింది.

"సదాశివపేటోళ్లకు నేను కబురంపుత. పెంటయ్యతోని నేను మాట్లాడుత. కోరిక తీరింది, ఇగ పుంజును కొయ్యిండ్రి. పిల్లలు ఆకలిమీదున్నరు."

కుర్రవాళ్లు రాళ్లు పేర్చి పొయ్యి పెడుతున్నారు. లింగం అరికాల్లో ముల్లు తీసుకుంటుంటే స్వరూప వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి కవరు అతని మీదికి కూడా జరిపింది.

"ఒక్కసారి నీ నోటితోని చెప్పు," అన్నాడు లింగం. "నీకు గూడ నిజంగ ఇష్టమేనా?"

"పాశమైలారంల మన బస్సు ఎక్కెటప్పుడు సగం సీట్లు ఖాళీగనే ఉంటయి లింగం," అంది స్వరూప. "ఏడాది సంది నేనెందుకు నిలబడుతున్ననో ఒక్కనాడన్న ఆలోచించినవా?"