అక్క గదిలో చేపల తొట్టి

నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో బడి ఆగిపోయింది. సరుకుల చీటీ తప్ప నా చేత్తో రాసిందేమీ లేదు. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పడతాయి. కాగితమైతే నా మొహంలోకి చూడదు కదా అని రాస్తున్నాను.

మా అక్కకి ఊపిరితిత్తుల జబ్బు. పిల్లల్లేరు. చూసుకునే మనిషి లేక నన్ను పిలిపించుకుంది. నాకూ వెనకా ముందూ ఎవరూ లేరు, వెళ్లాను. మంచం పక్కన అద్దెకి తెచ్చిన ఆక్సిజన్ మిషన్ ఉండేది. దానికో నీళ్ల సీసా. గాలి ఆ నీళ్లలోంచి బుడబుడమంటూ వచ్చి, సన్న గొట్టంలోంచి అక్క ముక్కులోకి పోయేది. ఆ బుడబుడ వినిపిస్తుంటేనే వంటింట్లో నాకు చెయ్యాడేది.

బావకి చేపల పిచ్చి, ముందుగదిలో చిన్న తొట్టి ఉండేది. ఒకరోజు నేను మందుల షాపుకి వెళ్లినప్పుడు కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ చిన్నది, దానికి ఒక్కటే ప్లగ్గు పెట్టుకోవచ్చు. అది అక్క మిషన్‌కే ఉంచాం. బావ దాన్ని పీకేసి, చేపలకి గాలి కొట్టే మోటారు పెట్టాడు. నేను వచ్చేసరికి చేపలు తిరుగుతున్నాయి. అక్క కదలడం లేదు.

"ఏంటి బావా ఇది?" అన్నాను.

"చేపలు ఆగలేవు. మీ అక్క ఓ పది నిమిషాలు ఓర్చుకుంటుందనుకున్నా."

అంతే. చేపలకి మేత వేయడానికి వెళ్లాడు.

అక్క కర్మలయ్యాక మిషన్‌ని నా చేతుల్తోనే అద్దె షాపు వాళ్లకి అప్పజెప్పాను. కొద్దిరోజులకే బావ అక్క మంచం తీయించి, ఆ గదిలో గోడ పొడుగునా పెద్ద తొట్టి పెట్టించాడు. నాకు పోవడానికి చోటు లేదు. ఆయనకి వండిపెట్టే మనిషి లేదు. అలా ఒకే ఇంట్లో ఉన్నాం.

తొట్టి బిగించడానికి వచ్చిన ప్లంబరు మాటకారి. పైన పెద్ద తొట్టి, కింద చెక్క అరలో ఇంకో గాజు తొట్టి. దాన్ని సంపు అన్నాడు. పైన నిండి పొర్లే నీళ్లు ఒక గొట్టంలోంచి వాటంతటవే సంపులోకి దిగుతాయట. అక్కడ వడకట్టుకుని, పంపు తోస్తే ఇంకో గొట్టంలోంచి మళ్లీ పైకి ఎక్కుతాయట.

బావ అన్నిటికన్నా పెద్ద పంపు కావాలన్నాడు.

"డబ్బా మీద రాసే బలం నేల మీద నడిచేటప్పటిది సార్," అన్నాడు ప్లంబరు. "ఎక్కేకొద్దీ నీళ్లకీ ఆయాసమొస్తుంది, బలం తగ్గుతుంది. అలాగని దున్నపోతు లాంటి పంపు తెచ్చామనుకోండి, అది ఎక్కించినంత జోరుగా దిగే గొట్టం దించలేదు. పొద్దున్నకి మీరు మంచంతో సహా వీధిలోకి తేలతారు."

బావ నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది గానీ కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మధ్యరకం పంపు పెట్టి, ఎక్కే గొట్టానికి నీళ్లు ఆపే వాల్వు బిగించాడు. ఆ గొట్టం మూతి పై తొట్టిలో అడుగుదాకా ఉంది. పనంతా అయ్యాక దానికి, నీళ్ల మట్టానికి కాస్త కిందగా, సన్న రంధ్రం పెట్టాడు.

"ఇదెందుకు బాబూ?"

"పంపు ఆగితే ఈ గొట్టం పై నీళ్లని వెనక్కి లాగేస్తుంది పిన్నిగారూ. మట్టం కొంచెం దిగగానే ఈ రంధ్రం గాలి పీలుస్తుంది, లాగడం ఆగిపోతుంది. దీని ముక్కు అనుకోండి. దీన్ని మాత్రం మూయకూడదు. మూస్తే పైన ఉన్నదంతా సంపు మీద పడుతుంది."

కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత ఆ రంధ్రం దగ్గర చప్పుడు మొదలైంది. స్స్... కాసేపు ఏమీ లేదు. మళ్లీ స్స్... పంపు ఆగకుండా తిరుగుతూనే ఉంది, మరి ఈ చప్పుడు ఆగి ఆగి ఎందుకొస్తుందో నాకు అర్థం కాలేదు. గదిలో నీలగిరి తైలం వాసన కూడా. అక్క గుండెల మీద నేను రాసేదాన్ని అది. సీసా ఎప్పుడో పారేశాను.

"నీకు వినపడుతోందా?" అన్నాడు బావ, అన్నం కలుపుతూ.

"ఏంటి బావా?"

"ఏం లేదులే."

ఆయనకి కళ్ల కింద నల్లగా గుంటలు పడ్డాయి. వాన పట్టిన ఒక సాయంత్రం ఏదో జిగురు కలుపుకొచ్చి ఆ రంధ్రాన్ని మూసేశాడు.

"ప్లంబరు వద్దన్నాడు బావా."

"నీ పని నువ్వు చూసుకో. పంపు ఇన్వర్టర్ మీద ఉంది, ఆగదు."

చప్పుడు ఆగిపోయింది. ఇల్లంతా చెవులు మూసుకున్నట్టయింది. నేను వంటింట్లోకి వెళ్లాను. చీకటి పడుతుండగా కరెంటు పోయింది.

పంపు ఆగింది.

నీళ్లు దిగుతున్న చప్పుడు. సన్నగా... తర్వాత జోరుగా... కాసేపటికి నీళ్లు గడప దాటి నా కాళ్ల దాకా వచ్చాయి. చల్లగా, పాచి వాసనతో.

"ప్లగ్గు ఎవరు పీకారు?" బావ గొంతు. "టార్చి తే."

టార్చి పట్టుకుని వెళ్లాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, చెక్క అరలోకి చేతులు పెట్టి వాల్వు తిప్పుతున్నాడు. సంపు అంచుల దాకా నిండి పొర్లుతోంది.

"తిరగడం లేదు... బిగుసుకుపోయింది. నువ్వు పంపు ప్లగ్గు పెట్టు, త్వరగా."

పంపు ప్లగ్గు నేల మీద ఉంది. ఇన్వర్టర్ బోర్డులో వేరే ప్లగ్గు ఉంది. టార్చి దాని తీగ వెంట పోనిచ్చాను. తీగ గోడ వారగా... మంచం ఉండే చోటుకి...

మిషన్. అక్క మిషన్.

పచ్చ దీపం వెలుగుతోంది. సీసాలో నీళ్లు బుడబుడమంటున్నాయి. సన్న గొట్టం గాలిలో వేలాడుతోంది. పట్టుకున్నవాళ్లు కనపడలేదు.

"పెట్టావా?" అన్నాడు బావ.

"ఇక్కడ అక్కది ఉంది బావా."

ఆయన వెనక్కి తిరగబోయాడు. తిరగలేదు. మెడ వంగింది. ఎవరో వెనక నుంచి నెమ్మదిగా, తలంటేటప్పుడు వంచినట్టు వంచారు. మొహం సంపులోకి దిగింది. చేతులు నా వైపు చాచాడు. గాజు మీద గోళ్లు గీసుకున్నాయి.

ఆ ప్లగ్గు పీకితే ఆ పట్టు వదిలేదేమో... పీకగలిగేదాన్నే. నా చెయ్యి దాని దాకా వెళ్లింది. సీసా బుడబుడ ఇంకా జోరందుకుంది. అక్క నన్నెప్పుడూ ఏదీ అడగలేదు. బావ పీకిన అక్క ఊపిరిని రెండోసారి నేనెలా పీకను?

"ఓ పది నిమిషాలు ఓర్చుకో బావా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

కరెంటు వచ్చేసరికి మిషన్ లేదు. బోర్డులో ఏ ప్లగ్గూ లేదు.

డాక్టరు చూసి, నీళ్లలో కాలు జారి పడి ప్రాణం పోయిందన్నాడు. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి బావని మోసుకెళ్లారు.

మర్నాడు పొద్దున్న ప్లంబరుని పిలిచి, బతికిన చేపల్ని ఇచ్చేశాను. ఆ అబ్బాయి వెళ్లాక తొట్టిలో మిగిలిన నీళ్లు బకెట్లతో తోడి పారబోశాను. గుడ్డ పెట్టి గాజు లోపలంతా పొడిగా తుడిచి, పైన మూత వేశాను. తుడిచిన చోట, లోపలి వైపు, అరచెయ్యంత ఆవిరి పట్టింది. మెల్లగా చెదిరింది. మళ్లీ మెల్లగా పట్టింది, నిద్రపోయే మనిషి ఊపిరిలా.

దాని పక్కనే ఇంకొకటి. అది ఊపిరాడని మనిషిలా తొందర తొందరగా పట్టి, పూర్తిగా పట్టకముందే చెదిరిపోతోంది.

ముక్కాలిపీట తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను, ఆ రెండోది ఎప్పుడాగుతుందో చూద్దామని. మధ్యాహ్నం దాటింది. ఆగలేదు.