ఎనిమిదో ఊఁ

"దయచేసి తలుపు వేయండి" అని రికార్డింగ్‌కి ఇచ్చిన కాగితంలో ఉంది. టీచరమ్మ మైకు వంక కొరకొరా చూసింది.

"నా జన్మలో ఎవర్నీ ఇలా అడగలేదు. మార్చొచ్చా?"

"మార్చండి."

"తలుపెయ్!"

హెడ్‌ఫోన్స్‌లో ఆ కేక వినగానే అందరూ సౌండు అని పిలిచే రికార్డిస్టు ఉలిక్కిపడి లేచాడు. తలుపు వేసే ఉంది.

శుక్రవారం ఆమెకి ఆపరేషన్. గొంతులో గడ్డతో పాటు స్వరపేటికా తీసేస్తారు. ఆలోపు వెయ్యి వాక్యాలు చదివితే, ఆ తర్వాత టాబ్లెట్‌లో ఏం టైపు చేసినా అది ఆమె గొంతుతోనే పలుకుతుంది. మూడు రోజులుగా సౌండుకి కాలు ఒకచోట నిలవడం లేదు. వాక్యాలు త్వరగా అయిపోతే ఆమె వెళ్ళిపోతుంది. అవకపోతే ఆమె గొంతే పోతుంది. ఏది కోరుకోవాలో తెలియక సతమతమైపోతున్నాడు.

బుధవారానికి వెయ్యీ అయ్యాయి.

"ఇంక ఊఁలు" అన్నాడు.

"ఊఁలేంటి?"

"మీ అమ్మగారు ఫోన్లో గంటసేపు మాట్లాడితే మీరేమంటారు?"

"ఊఁ."

"కోపమొస్తే?"

"ఊఁ!"

"చూశారా, రెండూ ఒకటేనా? ఇవి సొంతంగా అనడం మెషీన్‌కి రాదు. మొత్తం ఎనిమిది కావాలి."

వద్దనేది, అలిగేది, "ఏంటీ?" అని అడిగేది... నవ్వుల మధ్య ఏడు పూర్తయ్యాయి.

"ఎనిమిదోది ఒప్పుకునేది. కాస్త బెట్టు చేసి."

"ఊరికే ఎలా వస్తుంది? ఏదైనా అడగండి."

సౌండు ఇక ఆగలేకపోయాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

హెడ్‌ఫోన్స్‌లో కుర్చీ కిర్రుమంది.

"గొంతు పోతోందని జాలా?"

"అయ్యో, కాదండీ!"

"అయితే పోయాక అడగండి. చూద్దాం."

తలుపు ధడాలున పడింది. ఈసారి ఆమే వేసింది.

గురువారం పొద్దున్నే టాబ్లెట్ తీసుకెళ్ళి ఆమె తల్లికి ఇచ్చాడు. అందులో ఒక్కో ఊఁకి ఒక్కో బటన్. ఎనిమిదోది ఖాళీ. దాన్ని నొక్కి పట్టుకుని ఏం మాట్లాడినా అందులో చేరుతుందని చెప్పి, తలెత్తకుండా వచ్చేశాడు.

ఆపరేషన్ అయిన పదో రోజున ఆసుపత్రి వరండాలో ఇరవైసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి గది తలుపు తోశాడు. ఆమె మెడకి కట్టు ఉంది. చూపులో పెంకితనం మాత్రం ఎక్కడికీ పోలేదు. అతన్ని చూడగానే టాబ్లెట్ నొక్కింది.

"తలుపెయ్!"

సౌండు వెనక్కి తిరిగి బయటికెళ్ళి తలుపేశాడు.

తల్లి వచ్చి తీసింది. "బయటికెళ్ళి కాదు బాబూ, లోపలికొచ్చి వెయ్యమంది."

అతను లోపలికొచ్చి వేశాడు.

"పోయాక అడగమన్నారుగా. అడుగుతున్నా. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

తల్లి మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్ళీ మడవసాగింది. టీచరమ్మ వేలు తాపీగా బటన్లన్నీ దాటి ఎనిమిదోదాని మీద ఆగింది.

"ఊఁ."

అచ్చం ఆమె గొంతే. కాస్త బెట్టు చేసి.

సౌండు కళ్ళు నిండిపోయాయి. "ఇది నేను రికార్డు చేయలేదే!"

"గురువారం సాయంత్రం నన్ను గదిలోంచి తరిమేసి మరీ చెప్పుకుంది" అంది తల్లి. "ఆ తర్వాత ఆపరేషన్‌కి తీసుకెళ్ళేదాకా మళ్ళీ నోరు విప్పితే ఒట్టు. ఆ గొంతుతో అన్న ఆఖరి మాట అదే నాయనా."

టీచరమ్మ తల్లి వైపు తిరిగి రెండో బటన్ గట్టిగా నొక్కింది.

"ఊఁ!"