బల్లకు దూరం

"నువ్వు ఆ పెళ్లికి వెళితే వచ్చే నెల నుంచి నీకు బల్ల ఉండదు, జయా" అన్నాడు సంతోషం, తన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తున్న భార్య వైపు చూడకుండా.

జయమణి ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టింది. బల్ల అంటే ప్రభువు బల్ల… నెలలో మొదటి ఆదివారం సంఘమంతా కలిసి తీసుకునే రొట్టె, ద్రాక్షరసం. కాకినాడలో పావడా ఓణీల వయసులో బాప్తిస్మం పొందిన నాటినుంచి, కాన్పుకు మంచం పట్టిన నెల తప్ప, ఆమె ఆ రొట్టె అందుకోని మొదటి ఆదివారం లేదు. దానికి దూరం చేయడమంటే ఇంటిల్లిపాదీ పంక్తిలో కూర్చున్నప్పుడు ఒక్కరి ముందు మాత్రం విస్తరి వేయకపోవడమే!

"ఎవరన్నారు?"

"సంఘ పెద్దలు తీర్మానించారు."

"ఆ పెద్దల్లో మీరూ ఉన్నారు కదండీ?"

"ఉన్నాను కాబట్టే ముందుగా చెబుతున్నా" అని ఆయన బేస్‌మెంట్‌లోకి దిగిపోయాడు.

వారి ఒక్కగానొక్క కూతురు ఏనీ, వాళ్లు వలస వచ్చిన ఈ చలిదేశంలోనే గ్వెల్ఫ్‌ అనే మరో ఊళ్లో ఆహార పదార్థాలను పరీక్షించే ల్యాబులో పనిచేస్తోంది. అదే ల్యాబులో పనిచేసే అమృతను పెళ్లి చేసుకోబోతోంది. అమృత తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి వచ్చి బర్నబీలో స్థిరపడ్డ హిందువులు. పెళ్లి సిటీ హాల్లో. ఇద్దరు ఆడపిల్లలు పెళ్లాడటాన్ని ఈ దేశపు చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. తన విశ్వాసానికి పడని పెళ్లి జరిపించనక్కర్లేదని ఏ మతగురువుకైనా అదే చట్టం అభయమూ ఇచ్చింది. పైగా ఏనీ ఏ పాస్టరునూ రమ్మనలేదు, ఏ గుడినీ అడగలేదు. అయినా సంతోషం 'మత స్వేచ్ఛ' అంటూ నెల్లాళ్లుగా ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. ఎవరూ ముట్టడించని కోటకు రాత్రింబవళ్లు కాపలా కాసేవాడితో ఏమని వాదించాలి? ఇందులో మరో విశేషం ఉంది. వీళ్లుండే రిచ్‌మండ్ హిల్‌లో ఈ తెలుగు సంఘం ఆదివారం మధ్యాహ్నాలు కూడుకునే హాలు ఒక ఇంగ్లీషు చర్చిది. ఆ చర్చివాళ్లు ఇలాంటి పెళ్లిళ్లు అదే వేదిక మీద నిక్షేపంగా జరిపిస్తారు. ఆ సంగతి పెద్దలందరికీ తెలుసు. పార్కింగు బాగుంటుందని ఎవరూ నోరెత్తరు!

తండ్రీకూతుళ్లు ఫోనులో పోట్లాడుకోని వారం లేదు. ఫోను స్పీకరులో పెట్టి వంటింటి గట్టు మీద ఉంచేది జయమణి. తన విశ్వాసం తన హక్కని ఆయన, తన పెళ్లి తన హక్కని కూతురు! రాజ్యాంగంలోని అవే పుటల్ని చెరొక వైపు నుంచి లాగేవారు. ఆ సాయంత్రమూ అదే జరిగింది. చివరికి ఏనీ విసిగిపోయి, "డాడ్, నోబడీ ఈజ్ ఆస్కింగ్ యూ టు బ్లెస్ ఎనీథింగ్" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మమ్మీ, నువ్వు వస్తావా, రావా? జస్ట్ టెల్ మీ" అని అడిగింది.

జయమణికి ఒళ్లు మండింది. "ఈ దేశంలో మీ నాన్నకి హక్కుంది, నీకూ హక్కుంది. ఇద్దరికీ వండిపెట్టే హక్కు నాకుంది. ఇంకెవరికైనా ఏమైనా కావాలా?" అని ఫోను కట్టేసింది. కట్టేశాక అక్కడే, పొయ్యి దగ్గరే, చాలాసేపు ఏడ్చింది… జవాబు చెప్పలేకపోయానని.

మర్నాడు స్త్రీల సమాజం అధ్యక్షురాలు సూర్యకుమారి ఓదార్చడానికి వచ్చింది. టీ తాగింది, జంతికలు తింది, తమ బంధువుల్లో ఇటువంటి అనర్థం జరగనందుకు దేవునికి స్తోత్రం చెప్పింది. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి గొంతు తగ్గించింది.

"పోనీ వదినా, ఆ పిల్లయినా మనవాళ్లేనా? క్రిస్టియనేనా?"

"కాదు."

"అయ్యో, అదొకటా!" అని సూర్యకుమారి నిట్టూర్చి బూట్లు తొడుక్కుంది.

తలుపు వేశాక జయమణికి నవ్వొచ్చింది. కూతురి పెళ్లి మాట మొదలైనప్పటినుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

ఈ సంఘంలో ఒక ఆచారం ఉంది. ఎవరికి ఏ అవసరమున్నా శుక్రవారం కూడికలో చెబితే అందరూ ప్రార్థిస్తారు. అది నెరవేరినప్పుడు వారు ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పి తీరాలి. డ్రైవింగ్ టెస్టు పాసైనా, కిడ్నీలో రాయి పడిపోయినా సాక్ష్యమే. ప్రభుత్వ వెబ్‌సైటు చెప్పిన నెలకే చేతికొచ్చిన పీఆర్ కార్డుకు, అంటే శాశ్వత నివాసపు కార్డుకు సైతం కన్నీళ్లతో సాక్ష్యం చెప్పినవారున్నారు. చెప్పకుండా ఊరుకుంటే కృతఘ్నత కింద లెక్క.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో జయమణి లేచింది. వేదిక మీద సంతోషం ముఖం పాలిపోయింది.

"మా ఏనీకి మంచి సంబంధం రావాలని ఏళ్ల తరబడి మీరంతా ప్రార్థించారు" అని మొదలుపెట్టింది. "తాగనివాళ్లు కావాలన్నాం. పిల్లకు జబ్బు చేస్తే పక్కన కూర్చునేవాళ్లు, పెద్దవాళ్లను ఎదిరించి మాట్లాడనివాళ్లు కావాలన్నాం. మీలో కొందరు ఉపవాసాలు కూడా ఉన్నారు. పోయిన చలికాలం ఏనీకి అపెండిక్స్ ఆపరేషనైనప్పుడు మంచు తుఫాను, రోడ్లు మూసేశారు. మేం రెండో రోజుకి గానీ వెళ్లలేకపోయాం. వెళ్లేసరికి అమృత దానికి తల దువ్వుతోంది. మనం అల్లుణ్ణి అడిగాం, నిజమే. ఆ ఒక్కటీ మనం అడిగినట్టు రాలేదు. తక్కినవన్నీ వచ్చాయి. వచ్చినవాటికి స్తోత్రం చెప్పకుండా నేను కూర్చోలేను. పెళ్లికి వెళుతున్నాను."

అది ప్రార్థనల ఫలమో, ఇద్దరు పిల్లలు రోజూ ఒకే సూక్ష్మదర్శిని దగ్గర పనిచేయడం వల్ల కలిగిన ఫలమో తేల్చే పరికరం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కానీ అలవాటు గొప్పది. వెనుక వరుసలో ఒక ముసలాయన యథాలాపంగా "ఆమేన్" అనేశాడు. కోడలు మోచేత్తో పొడిచాక సర్దుకున్నాడు. పాస్టరుగారు తొందరగా పాట నంబరు చెప్పారు.

పెళ్లినాటి ఉదయం జయమణి చీర కట్టుకుని వచ్చేసరికి సంతోషం కారు తాళాలు ఆమె హ్యాండ్‌బ్యాగు పక్కన ఉన్నాయి. మంచు టైర్లున్నది ఆ కారుకే. అద్దం మీది మంచు కూడా గీకి ఉంది. ఆమెకు కృతజ్ఞత కలగలేదు, కోపమే వచ్చింది. టైర్ల గురించి ఆలోచించగలిగిన మనిషి ఆ పక్క సీట్లో కూర్చోలేడా? దారంతా తిట్టుకుంటూనే డ్రైవ్ చేసింది. సిటీ హాల్లో ఏనీ తల్లిని చూసి పరుగెత్తుకొచ్చింది. తల్లి వెనుక ఎవరైనా ఉన్నారేమోనని ఒక్కసారి గుమ్మం వైపు చూసింది… ఆ చూపు జయమణి జన్మలో మరిచిపోలేదు.

మొదటి ఆదివారం వచ్చింది. ఎవరూ ఆమెను ఆరాధనకు రావద్దనలేదు. బల్లకు దూరమైనవాళ్లు కూడా కూర్చోవచ్చు, చూడవచ్చు. సంతోషం రొట్టె పళ్లెంతో ఆమె వరుసకు వచ్చాడు. ఇటు పక్కావిడకు ఇచ్చాడు, అటు పక్కాయనకు ఇచ్చాడు. పళ్లెం ఆమె ఒడి మీదుగా దాటిపోయింది. జయమణి తల దించుకోలేదు.

సంఘమంతటికీ ఇచ్చాక పెద్దలకు పాస్టరుగారు ఇస్తారు. ఆయన రొట్టె చాచినప్పుడు సంతోషం తల అడ్డంగా ఊపాడు. వేదిక దిగి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. హాలంతా చూస్తోంది.

"మీకేమొచ్చింది? మిమ్మల్నెవరూ ఆపలేదుగా, వెళ్లి తీసుకోండి" అంది జయమణి, పళ్ల మధ్యనుంచి.

"అందరికీ ఇచ్చాను. నీ దగ్గరికొచ్చేసరికి చెయ్యి…" ఆయన తన అరచేతి వైపు చూసుకున్నాడు.

"ఆ తీర్మానానికి ఎత్తిందీ ఆ చెయ్యేగా."

"ఆ చెయ్యే" అని ఒప్పుకున్నాడు సంతోషం.

పాట మొదలైంది. ఆయన పాడలేదు. రెండో చరణం అవుతుండగా ముందుకు చూస్తూనే, "అమృత చేపలు తింటుందా?" అన్నాడు.

ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదటిసారి. జయమణి చప్పున ఆయన వైపు తిరిగింది. అయినా ఇన్నాళ్ల విసుగు ఒక్క ప్రశ్నకు కరిగిపోతుందా?

"నన్నడుగుతారేం? మీకు కూతురుంది. దాన్నడగండి."

ఆశీర్వాదం ఇంకా కాలేదు. అది కాకుండా పెద్దలు లేవకూడదు. సంతోషం లేచాడు. అద్దాల తలుపు అవతల, కోటు కూడా లేకుండా, ఆ చలిలో ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. జయమణి ఇక్కడినుంచే చూస్తోంది. అవతల ఎత్తినట్టున్నారు… ఆయన ఏదో చెప్పబోయి కళ్లజోడు తీశాడు.