గొంతు మీద గొంతు

ఆస్పత్రి సెల్లార్‌లో నాకిచ్చిన గదికి కిటికీ లేదు. విరిగిన వీల్‌ఛెయిర్లు, తుప్పు పట్టిన ఫ్యాన్లు, ఓ మూల తడిసి ఉబ్బిన అట్టపెట్టెలు. ఫినాయిల్ వాసన, దాని కింద ఇంకేదో తియ్యటి వాసన. గోడకి అవతల శవాలగది. అక్కడి కూలింగ్ మిషను గుర్రుమంటూ తిరిగేది, ఆగేది, మళ్ళీ తిరిగేది.

"మీకిక్కడ ఇబ్బందేం లేదు కదండీ?" అనడిగాడు మేనేజరు, గుమ్మంలోపలికి కాలు పెట్టకుండానే.

"నాకు ఇబ్బందంతా బతికున్నవాళ్ళతోనే," అన్నాను.

నవ్వాలో వద్దో తేలక వెళ్ళిపోయాడు. మేనేజర్ల సంగతి నాకు కొత్త కాదు. పక్కవాడు నవ్వితే తప్ప నవ్వరు.

పనేంటో చెప్తాను. శవపరీక్షలు చేసే పెద్ద డాక్టరు ఓ చేత్తో కోస్తూనే చూసిందల్లా పైకి చెప్పేవాడు. పక్కనున్న కంప్యూటర్ రికార్డు చేసుకునేది. అలా ఏళ్ళ తరబడి. చిక్కేంటంటే ఆ రికార్డింగులు అప్పటి పాత ప్రోగ్రాంలో తప్ప దేంట్లోనూ తెరుచుకోవు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు వాటన్నిటినీ మామూలు ఆడియో ఫైళ్ళుగా మార్చాలి. నాకన్నా ముందు మేనేజరు ఇద్దరు గుమాస్తాల్ని కూర్చోబెట్టి ఒక్కో ఫైలూ చేత్తో తెరిపించి, సేవ్ చేయించి, మూయించాడట. నెల తిరక్కుండా ఇద్దరూ మానేశారు. ఒళ్ళు వంగని రకాలు అనుకున్నాను.

నేనైతే కోడ్ రాస్తాను. "ఈ ఫైలు తెరువు" అని కోడ్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్తుంది. ఆ రకం ఫైలు ఏ ప్రోగ్రాందో సిస్టమే వెతుక్కుని, దాన్ని లేపి, ఫైలు దాని చేతిలో పెడుతుంది. అది పని ముగించి మూసుకునేదాకా నా కోడ్ కాచుకుని ఉంటుంది. ఆ తరవాత ఇంకో ఫైలు. ఇంత చిన్న సంగతి తెలీక మనుషులు వేళ్ళు అరగదీసుకుంటారు.

తోడుగా మా బావమరిది వచ్చాడు. నేను అడిగిన తోడు కాదు. "మీ పక్కన కూర్చుంటే నాలుగు ముక్కలు అబ్బుతాయి" అని మా ఆవిడ నా నెత్తిన పెట్టింది. ఏ ఉద్యోగంలోనూ నిలవని మనిషి. మౌస్ పట్టుకోమంటే నిజంగా ఎలకని పట్టుకోమన్నట్టు బెదిరేవాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రికార్డింగులు సరిగ్గా వినపడుతున్నాయో లేదో చూడమన్నాను. దానికి చెవులుంటే చాలు, బుర్ర అక్కర్లేదు.

మొదలుపెట్టబోతుంటే పెద్ద డాక్టరే మెట్లు దిగి వచ్చాడు. రిటైరయ్యాడట, తెల్లకోటు మాత్రం వదల్లేదు. కారే కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను.

"చూడబ్బాయ్, ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి తెరువు. నా గొంతు మీద నా గొంతు పడనివ్వకు."

"పడితే ఏమవుతుందండీ?"

"నువ్వు చెప్తే వినే రకంలా లేవు," అని వెనక్కి తిరిగాడు.

అబ్బో, పెద్ద సంగీత విద్వాంసుడు! కాలేయాల మీద కచేరీ.

మధ్యాహ్నం. బయట ఎండ దంచేస్తున్నా మా గదిలో ట్యూబ్‌లైటే. పాత ప్రోగ్రాం మహా మొండిది. ఒక్కో రికార్డింగునీ మొదట్నించి చివరిదాకా వినిపిస్తేగానీ సేవ్ చెయ్యదు. విండో తెరుచుకునేది. బావమరిది హెడ్‌ఫోన్స్‌లోంచి నాకూ సన్నగా వినపడేది. "గుండె... కొంచెం పెద్దది... ఎడమ ఊపిరితిత్తిలో నీరు..." మూసుకునేది. ఇంకోటి తెరుచుకునేది.

కాసేపటికి బావమరిది హెడ్‌ఫోన్స్ చెవి పక్కకి జరిపాడు.

"బావా, ఆయన మధ్యమధ్యలో ఆగుతున్నాడు."

"ఊపిరి తీసుకోవద్దూ? నీలా వాగుతూనే ఉంటాడా?"

"అలా కాదు బావా. ఎవరో చెప్తుంటే విని, ఊఁ అని, మళ్ళీ మొదలెడుతున్నాడు. ఇందాక ఒకదాంట్లో 'నెమ్మదిగా చెప్పు, తొందరేం లేదు' అన్నాడు."

"అటెండరుతో అని ఉంటాడు."

"అటెండర్ని 'ఎక్కడ నొప్పి' అని అడుగుతాడా?"

నవ్వాను. వాడి మొహం చూసి ఇంకా నవ్వాను. "ఇంటికెళ్ళి మీ అక్కకి చెప్పు. దుప్పటి కప్పి పాలు పట్టిస్తుంది."

ఆ నత్తనడక చూస్తుంటే నాకు గడ్డం నెరిసేలా ఉంది. ఎవరి కోసం ఈ కాచుకోవడం? కోడ్‌లో ఆ కాచుకునే లైను తీసేశాను. ఇక ఏదీ మూసుకునేదాకా ఆగక్కర్లేదు. వరసపెట్టి తెరుచుకుంటూ పోవడమే.

"డాక్టరుగారు వద్దన్నారు కదా బావా..."

"ఎందుకో చెప్పాడా? చెప్పలేదు. అంటే ఏమీ లేదని అర్థం." హెడ్‌ఫోన్స్ వైరు కంప్యూటర్ నుంచి పీకేశాను, వాడి పిరికితనం స్పీకర్లోనే తేలిపోవాలని. రన్ కొట్టాను.

తెర నిండా విండోలు. పేకముక్కలు పరిచినట్టు ఒకదాని మీద ఒకటి. స్పీకర్లో డాక్టరు, డాక్టరు మీద డాక్టరు, వాళ్ళ మీద ఇంకా డాక్టర్లు... మూత్రపిండం, గాయం లోతు, మెడ దగ్గర మచ్చ. చెవులు గింగిర్లెత్తే గోల.

ఉన్నట్టుండి...

అందరూ ఆగారు.

అన్ని రికార్డింగుల్లోనూ డాక్టరు ఒకే క్షణంలో మాట ఆపాడు. యాదృచ్ఛికం అనుకున్నాను. ఆ ఖాళీలో ముందు తడిగుడ్డ నేలమీద ఈడ్చినట్టు చప్పుడు. తరవాత గుసగుస. విడివిడిగా వింటే వినపడనంత సన్నటివి... అన్నీ కలిసేసరికి ఒక మాటయ్యాయి.

"ఎవరక్కడ?"

కోడ్ ఆపేశాను. ఆగింది. ఆగిందని తెరమీద రాసి మరీ చూపించింది. విండోలు మాత్రం తెరుచుకుంటూనే ఉన్నాయి. ఏ ప్రోగ్రాంని ఎవరు లేపారో సిస్టమ్‌ని అడిగితే చెప్తుంది. అడిగాను. నా కోడే లేపుతోందట. చచ్చి పడున్న నా కోడు.

కొత్త విండోల్లో ఫైళ్ళేమీ లేవు. ఒక్కోదాంట్లో ఒక ఎర్ర చుక్క. అంటే రికార్డు అవుతోంది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి ఉన్నాం. అయినా, ధ్వని కొలిచే పచ్చ గీత పైకి లేస్తోంది... పడుతోంది... లేస్తోంది...

గోడ అవతల మిషను ఆగింది. మళ్ళీ తిరగలేదు.

"ఆఁ," అన్నాడు బావమరిది.

"ఏంట్రా?"

నన్ను చూడటం లేదు వాడు. హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో చెవులకి అదుముకున్నాడు. "ఆఁ... వినపడుతోంది... ఇద్దరమేనండీ..."

ఊడిన వైరు వాడి మోకాలి పక్కన వేలాడుతోంది.

"బావా..." గుసగుసగా. "నీ పేరు అడుగుతున్నారు."

"చెప్పకు."

"మర్యాదగానే అడుగుతున్నారు బావా..."

"చెప్పకురా!"

చెప్పాడు. ఇంటిపేరుతో సహా.

విండోలన్నీ ఒక్కసారే మూసుకున్నాయి. పని పూర్తయినట్టు.

కంప్యూటర్ ప్లగ్గు పీకి, వాణ్ణి రెక్క పట్టుకుని మెట్లమీదికి ఈడ్చుకొచ్చాను. ఎండలో నిలబడి కళ్ళు చిట్లించుకున్నాడు. "ఆకలేస్తోంది," అన్నాడు, అంతే. మర్నాడు మేనేజరు ఫోన్ చేశాడు. ఫైళ్ళన్నీ మారిపోయాయట, అద్భుతమట. నేను సగం కూడా చెయ్యలేదు. ఆ మాట వాడికి చెప్పి ప్రయోజనం లేదు, అర్థం కాదు.

బావమరిదికి అందరి మాటలూ వినపడుతున్నాయి. నాది తప్ప.

చెవుల డాక్టరు చూశాడు. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. మాటవినని రకాలు వేసే వేషం ఇదని నేనే మా ఆవిడతో అన్నాను. కానీ వాడు భోజనం బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుంటాడు. నేను ఉప్పు అడుగుతాను. వాడు తల తిప్పి, "బావ ఇంకా రాలేదా అక్కా?" అంటాడు. వేషమైతే ఎక్కడో ఒకచోట నవ్వు దొరికిపోవాలి. రెప్పైనా కొట్టాలి.

ఈ సాయంత్రం మా ఆవిడ ఎదురుగా కూర్చుని బట్టలు మడతపెడుతోంది. పిలిచాను. పలకలేదు. పరధ్యానం, ఎప్పుడూ ఉండేదే. మళ్ళీ పిలిచాను. చేతిలో చొక్కా సగం మడతలో ఆగింది. ఏదో వింటున్నట్టు తల పక్కకి వాల్చింది.

ఇంకోసారి పిలుద్దామని నోరు తెరిచాను.

"వస్తున్నానండీ," అంది మా ఆవిడ, నవ్వుతూ. లేచి, నన్ను దాటుకుని, దీపం వెయ్యని పక్కగదిలోకి వెళ్ళింది.